చక్రాన్ని పట్టే బోల్టు: పాత కారుకు సరైనది ఎంచుకోవడం ఎలా?

మీ పాత కారు మీద ఎంత ఖర్చు పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. రంగు వేయించారు. సీట్లు కుట్టించారు. కార్బురేటర్ విప్పించి శుభ్రం చేయించారు. క్రోమ్ బంపర్ కోసం నాలుగు ఊళ్లు తిరిగారు. మరి ఆ నాలుగు చక్రాలనూ బండికి పట్టి ఉంచుతున్న బోల్టుల సంగతేమిటి? వాటిని చేతిలోకి తీసుకుని చివరిసారి ఎప్పుడు చూశారు?

"మొన్న పంక్చర్ అయినప్పుడు విప్పాం కదా" అంటారు చాలామంది. విప్పింది షాపు కుర్రాడు. మళ్లీ బిగించిందీ అతనే. మీరు పక్కన నిలబడి టీ తాగారు. అందులో తప్పేమీ లేదు, కొత్త కారైతే. కొత్త కారులో కంపెనీ ఇచ్చిన రిమ్ము, కంపెనీ ఇచ్చిన బోల్టు అలాగే ఉంటాయి. పాత కారు అలా కాదు. ముప్ఫై నలభై ఏళ్లలో ఎందరి చేతులు మారిందో, ఎవరు ఏ రిమ్ము వేశారో, దారిలో పోయిన బోల్టు స్థానంలో ఏది దొరికితే అది ఎవరు బిగించారో మీకు తెలియదు. అందుకే "ఇప్పుడున్న బోల్టు చూపించి అలాంటిదే కొందాం" అనే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఇప్పుడున్నదే తప్పయితే?

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. బోల్టును కారు పేరు చెప్పి కొనకూడదు. ప్రస్తుతం ఆ కారుకున్న రిమ్మును, దాని వెనకున్న హబ్బును చూసి కొనాలి. "బెంజ్ డబ్ల్యూ123కి బోల్టులివ్వండి" అనడం సగం ప్రశ్న మాత్రమే. ఉక్కు రిమ్మా, అల్లాయా? కంపెనీదా, బయట కొన్నదా? రిమ్ముకూ హబ్బుకూ నడుమ పెట్టే పళ్లెం, అంటే స్పేసర్ ఉందా? ఈ మిగతా సగం మీరు చెప్పకపోతే కౌంటర్ అవతలి మనిషి తనకు తోచింది ఇస్తాడు.

అన్నిటికన్నా ముందు, మీ బండి బోల్టుల బండో కాదో చూసుకోండి. అంబాసిడర్ లాంటి బ్రిటిష్ వంశపు కార్లలో హబ్బు నుంచి స్టడ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మీద నట్లు బిగిస్తారు. మారుతి 800దీ అదే తీరు. పాత బెంజ్, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, బీఎండబ్ల్యూ ఈ30 లాంటి జర్మన్ బండ్లలో స్టడ్డు ఉండదు, బోల్టే రిమ్ములోంచి దూరి హబ్బులోకో డ్రమ్ములోకో ఎక్కుతుంది. నట్ల బండి ఉన్నవాళ్లకు ఇక్కడ చెప్పే మర, సీటింగ్ సంగతులు అలాగే వర్తిస్తాయి. పొడవు గొడవ మాత్రం ప్రధానంగా బోల్టుల బండి వాళ్లది. నేను ఎక్కువగా బెంజ్ ఉదాహరణలే తీసుకుంటాను. 1995లో పుణెలో మెర్సిడెస్ మొదలుపెట్టిన డబ్ల్యూ124 కార్లు మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని ప్రేమగా చూసుకునేవాళ్లూ పెరుగుతున్నారు.

సరే, పనిలోకి దిగుదాం. ఒక స్టీలు స్కేలు, వీలైతే ఒక వర్నియర్, ఒక మార్కర్ పెన్ను దగ్గర పెట్టుకోండి.

1. మర చూడండి

బోల్టు మీద "ఎం12 × 1.5" అంటే 12 మిల్లీమీటర్ల లావు, ఒక మర అంచు నుంచి పక్క మర అంచుకు 1.5 మిల్లీమీటర్ల దూరం అని. డబ్ల్యూ123, డబ్ల్యూ124 బెంజ్‌లకు ఇదే మర. ఈ30 బీఎండబ్ల్యూకూ ఇదే. ఫియట్ వంశంలో లావు అదే 12, దూరం మాత్రం 1.25. మారుతీ స్టడ్లదీ 1.25. పాత బ్రిటిష్ కార్లలో అసలు మిల్లీమీటర్లే ఉండవు, అంగుళాల మర ఉంటుంది.

1.5కీ 1.25కీ తేడా కంటికి ఆనుతుందా? ఆనదు. అందుకే స్కేలు. బోల్టును స్కేలు పక్కన పెట్టి 15 మిల్లీమీటర్ల నిడివిలో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టండి. పది ఉంటే 1.5. పన్నెండు ఉంటే 1.25. మర కొలిచే గేజి ఉంటే ఇంకా మంచిది, కానీ అది లేదని ఈ పరీక్ష మానేయకండి.

తప్పు మర ఉన్న బోల్టు అసలు ఎక్కదని మీరు అనుకోవచ్చు. చిక్కంతా అక్కడే. అది రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది. తర్వాత కాస్త బిగుసుకుంటుంది. "తుప్పు పట్టింది సార్" అని షాపులో బోల్టులు బిగించే గన్ను పెడతారు. గన్ను దాన్ని బలవంతంగా లోపలికి దింపేస్తుంది. దాంతో బోల్టు పోతుంది, హబ్బులోని మరా పోతుంది. బోల్టు మళ్లీ కొనుక్కోవచ్చు. ముప్ఫై ఏళ్ల నాటి బండి హబ్బు వెతకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

కాబట్టి ఒకటే నియమం పెట్టుకోండి. కొత్త బోల్టు ఏదైనా సరే, మొదట వేళ్లతోనే చివరిదాకా ఎక్కాలి. పానా అక్కర్లేకుండా ఎక్కకపోతే ఆగి కారణం వెతకండి. హబ్బు మరలో మట్టి, తుప్పు ఉంటే వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి. అప్పటికీ బిగుతుగా ఉంటే అదే మర కోసే ట్యాప్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పించండి.

బీటిల్ ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. పాత బీటిల్‌కు చక్రానికి ఐదు బోల్టులు, 205 మిల్లీమీటర్ల పెద్ద వలయం మీద ఉంటాయి. 1968 మోడల్ నుంచి నాలుగు బోల్టులు, 130 మిల్లీమీటర్ల వలయం వచ్చింది. ఐదు బోల్టుల బండికి ఎప్పుడో డ్రమ్ము మార్చి ఉంటే, 12 మిల్లీమీటర్ల మర ఉన్నచోట 14 మిల్లీమీటర్ల మర వచ్చి ఉండొచ్చు. ముందు చక్రాలకు ఒక సైజు, వెనక చక్రాలకు ఇంకో సైజు తగిలినా ఆశ్చర్యపోవద్దు. నాలుగు చక్రాల దగ్గరా విడివిడిగా కొలవండి.

2. సీటింగ్ చూడండి

ఎక్కువ మంది దాటేసేది ఇదే, ఎక్కువ ప్రమాదం తెచ్చేదీ ఇదే. బోల్టు తలకింద, రిమ్ము రంధ్రంలో ఆనుకునే భాగం ఆకారమేమిటి? ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి బాల్ సీటింగ్, గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండోది కోన్ సీటింగ్, వాలు తిన్నగా గరాటు గోడలా ఉంటుంది, సాధారణంగా 60 డిగ్రీల వాలు.

బెంజ్ కంపెనీ రిమ్ములకు బాల్ సీటింగ్. బీటిల్‌కూ అంతే. ఈ30కి కోన్. బయట మార్కెట్లో అమ్మే అల్లాయ్ రిమ్ములు చాలావరకు కోన్. అంటే మీ డబ్ల్యూ124కి బయటి అల్లాయ్‌లు వేయించుకుని, పాత కంపెనీ బోల్టులతోనే బిగిస్తే ఏమవుతుంది? మర కలుస్తుంది. బోల్టు ఎక్కుతుంది. బిగుస్తుంది కూడా. కానీ గుండ్రటి ముఖం వాలు గోడను ఒక సన్నటి గీత మీద మాత్రమే తాకుతుంది. పట్టంతా ఆ గీత మీదే. నాలుగు రోజుల్లో మెత్తటి అల్యూమినియం అక్కడ నలుగుతుంది, పట్టు సడలుతుంది, బోల్టు వదులవుతుంది.

చక్రాన్ని నిజంగా మోసేది బోల్టు కడ్డీ కాదు. బోల్టులు రిమ్మును హబ్బుకేసి అదిమిపెడతాయి, ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని జరగనివ్వదు. అదుముడు తగ్గిందంటే రిమ్ము కదలడం మొదలవుతుంది, ఆ కదలికకు బోల్టులు ఒక్కొక్కటే విరుగుతాయి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మీ బోల్టు, మీ రిమ్ము జత కుదిరాయో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బోల్టు సీటింగ్ మీద మార్కర్‌తో చుట్టూ రంగు పూయండి. ఆరకముందే రిమ్ము రంధ్రంలో పెట్టి, చేత్తో అదిమి, అర చుట్టు తిప్పి బయటికి తీయండి. ఇప్పుడు రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. వెడల్పుగా, చుట్టూ ఒకే తీరుగా పట్టీ పడిందా? జత కుదిరింది. వెంట్రుకవాసి గీత పడిందా, లేక ఒక పక్కే రంగు అంటిందా? ఆ బోల్టు ఆ రిమ్ముది కాదు.

బాల్ సీటింగ్‌లోనూ ఒకటే సైజు ఉండదు. ఆ గుండ్రనానికి వ్యాసార్ధం 12, 13, 14 మిల్లీమీటర్లుగా రకరకాలుంటుంది. 12 మిల్లీమీటర్ల మర ఉన్న పాత బెంజ్‌కు వాడేది ఆర్12. "బాల్ అయితే చాలు" అని ఆగిపోకుండా ఆ సంఖ్య కూడా అడగండి.

రిమ్ములకు కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించారా? అయితే రంధ్రాల సీటింగ్ మీద, హబ్బుకు ఆనే వెనక ముఖం మీద ఆ పూత పడకుండా చూడాలి. మందపాటి పూత బోల్టు కింద నలిగి పలచబడుతుంది, బిగింపు తగ్గుతుంది. కోటింగ్ షాపు వాడికి ఇచ్చేటప్పుడే "ఈ రంధ్రాలు, ఈ వెనక ముఖం మాస్క్ చేయాలి" అని చూపించి చెప్పండి. ఫోన్లో చెబితే మర్చిపోతారు.

వాషర్లు వేస్తే సరిపోతుందనే సలహా ఎక్కడైనా వినిపిస్తే వెంటనే కాదనండి. బాల్ సీటింగ్‌కైనా కోన్‌కైనా విడి వాషర్‌కు అక్కడ చోటు లేదు.

3. పొడవు చూడండి

పొట్టి బోల్టు ప్రమాదమని అందరికీ తెలుసు. పొడుగుది ప్రమాదమని ఎందరికి తెలుసు?

ఒక సందర్భం అనుకుందాం. డబ్ల్యూ123 ఉన్న ఒకాయన కుటుంబంతో విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరారు. బండికి కంపెనీ అల్లాయ్‌లు, డిక్కీలో స్టెప్నీ మాత్రం ఉక్కు రిమ్ము. సూర్యాపేట దాటాక వెనక ఎడమ టైరు పంక్చర్. జాకీ పెట్టి, అల్లాయ్ విప్పి, స్టెప్నీ ఎక్కించి, అవే ఐదు బోల్టులతో బిగించారు. బండి కదిలితే వెనక నుంచి కరకరమని చప్పుడు.

"ఏమండీ, ఏదో గీరుకుంటోంది, ఒకసారి ఆపండి."

"కొత్త టైరు కదా, సర్దుకుంటుందిలే."

సర్దుకోదు. అల్లాయ్ రిమ్ము మందం ఎక్కువ, కాబట్టి దాని బోల్టు పొడుగు. ఉక్కు రిమ్ము పలచన. అదే పొడుగు బోల్టు ఉక్కు రిమ్ములోంచి దూరితే, మిగిలిన నిడివి అంతా హబ్బు వెనక్కి పొడుచుకొస్తుంది. ఈ బెంజ్‌లలో వెనక డిస్కు మధ్యలోనే హ్యాండ్‌బ్రేక్ షూలు, వాటి స్ప్రింగులు ఉంటాయి. బోల్టు చివరలు తిరుగుతూ వాటిని గీకుతాయి. అందుకే అల్లాయ్‌లతో వచ్చిన బండ్లకు కంపెనీ ఉక్కు స్టెప్నీ కోసం విడిగా పొట్టి బోల్టులు ఇచ్చేది. చేతులు మారే క్రమంలో ఆ చిన్న సంచి ఎక్కడో పోతుంది. మీ డిక్కీలో ఉందో లేదో ఈరోజే చూడండి. లేకపోతే పొట్టివి ఐదు కొని, గుడ్డ సంచిలో వేసి, స్టెప్నీకే కట్టేయండి.

ఆ సందర్భంలో భార్య మాట వినడమే సరైన పని. చప్పుడు వస్తే ఆగాలి, బోల్టులు విప్పి చివరలు చూడాలి. చివర మెరుస్తూ గీరుకుపోయి ఉంటే కారణం దొరికినట్టే.

బీటిల్‌లో బోల్టు నేరుగా డ్రమ్ములోకే ఎక్కుతుంది. పొడుగుదైతే డ్రమ్ము లోపలికి వచ్చి బ్రేకు భాగాలకు తగులుతుంది. వలయం, మర సరిపోయాయని ఏదో రిమ్ము వేసి, ఏదో బోల్టు బిగించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మరి సరైన పొడవు తెలుసుకోవడం ఎలా? షాపులో పొడవు అంటే మర ఉన్న కడ్డీ నిడివి, తలను, సీటింగ్‌ను వదిలేసి. కొందరు అమ్మకందారులు మాత్రం సీటింగ్‌తో కలిపి చెబుతారు, కాబట్టి ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచారో అడగండి. ఆ అంకె కన్నా నమ్మదగిన కొలత ఒకటుంది. రిమ్మును విప్పి, బోల్టును దాని రంధ్రంలో పూర్తిగా ఆనేలా పెట్టండి. రిమ్ము వెనక ముఖం నుంచి బోల్టు ఎంత బయటికి వచ్చింది? ఆ నిడివే అసలు లెక్క. కంపెనీ రిమ్ములో కంపెనీ బోల్టు ఎంత బయటికి వస్తుందో, కొత్త రిమ్ములో కొత్త బోల్టు కూడా అంతే రావాలి. 5 మిల్లీమీటర్ల స్పేసర్ వేశారా? బోల్టు కూడా 5 పెరగాలి.

రిమ్ముకూ హబ్బుకూ నడుమ డిస్కు ఉన్న బండ్లలో ఆ డిస్కు మందం తీసేయగా మిగిలిందే మరలో దిగే భాగం. అది ఎంత ఉండాలి? చేతితో చుట్లు లెక్కపెట్టే పద్ధతి ఉంది. చక్రం పెట్టి, బోల్టు తలమీద సుద్దతో ఒక గీత గీసి, మర పట్టిన క్షణం నుంచి సీటింగ్ ఆనేదాకా ఎన్ని పూర్తి చుట్లు తిరిగిందో చూడండి. ఎం12 × 1.5కి కనీసం ఆరున్నర చుట్లు, ఎం12 × 1.25కి ఎనిమిది, ఎం14 × 1.5కి ఏడున్నర. ఇవి అడుగు హద్దులు. ఇంతకు తగ్గితే ఆ బోల్టుతో రోడ్డెక్కొద్దు.

పై హద్దు చుట్లతో తెలియదు. అన్ని బోల్టులూ చేత్తో బిగించి, బండి స్టాండ్ల మీద ఉండగా, హ్యాండ్‌బ్రేక్ వదిలి, మిగతా చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, చక్రాన్ని చేత్తో నిదానంగా రెండు మూడు చుట్లు తిప్పండి. రేడియో కట్టేసి వినండి. ఎక్కడైనా తగిలితే చేతికే తెలుస్తుంది.

4. బలం చూడండి

బోల్టు తలమీద 10.9 అని అంకె ఉందా? చక్రాల బోల్టులకు ఉండాల్సిన బలం అది. మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికే గట్టి బోల్టు 8.8. మర కలిసింది కదా అని దాన్ని పెట్టొద్దు. తలమీద ఏ గుర్తూ లేని బోల్టునూ తీసుకోవద్దు, ఎంత మెరుస్తున్నా సరే.

లేత్ మీద చేయించుకుంటే? ఈ ప్రశ్న మన దగ్గర తప్పకుండా వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్న పనివాళ్ల నైపుణ్యం మీద నాకు చాలా గౌరవం. బుష్షు, బ్రాకెట్టు, షాఫ్టు ఏదిచ్చినా అచ్చుగుద్దినట్టు చేసిస్తారు. కానీ చక్రం బోల్టు విషయంలో కొలత కుదరడం ఒక్కటే చాలదు. కంపెనీలో మరను కోయరు, ఒత్తిడితో దొర్లించి అచ్చు వేస్తారు, దానికి తోడు వేడి చేసి చల్లార్చే ప్రక్రియ ఉంటుంది. మామూలు కడ్డీని కోసి చేసినది ఎంత అందంగా ఉన్నా ఆ బలం రాదు. ఇందులో బేరం లేదు.

పాత బోల్టులకు మళ్లీ నికెల్, క్రోమ్ పూత వేయిద్దామనే కోరికనూ ఆపుకోండి. పూతకు ముందు వాటిని ఆసిడ్‌లో ముంచుతారు. గట్టి ఉక్కులోకి అప్పుడు హైడ్రోజన్ చేరి, దాన్ని పెళుసు చేసే ప్రమాదం ఉంది. పైకి తళతళలాడుతుంది, బిగించిన కొన్నాళ్లకు తల తెగుతుంది. మెరుపే కావాలంటే తయారీదారే పూత వేసి అమ్మేవి కొనండి. లేదా తలలకు టోపీలు పెట్టుకోండి.

పాత బోల్టు సాగిందో లేదో తెలుసుకోవడానికి కొత్త బోల్టును దాని పక్కన మరలో మర పడేలా ఆనించి, వెలుతురుకెదురుగా పట్టుకోండి. మొదట్లో కలిసి, పోనుపోను మధ్యలో వెలుతురు కనిపిస్తే పాతది సాగింది. ఒక్కటి సాగినా ఆ చక్రానివన్నీ మార్చండి.

5. అంకె దగ్గరగా ఉందని మోసపోకండి

ఫియట్ వంశపు కార్లలో ఎక్కువగా కనిపించేది నాలుగు బోల్టులు, 98 మిల్లీమీటర్ల వలయం. మార్కెట్లో విరివిగా దొరికే అల్లాయ్‌లది 100. "రెండు మిల్లీమీటర్లే కదా సార్, పట్టేస్తుంది" అంటారు. నిజమే, ఎక్కుతుంది. ప్రతి రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటుంది, ఒకటో రెండో బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి, మిగతావి వాలిపోయి బిగుసుకుంటాయి. ఇలాంటి తేడా కోసమే సీటింగ్ అటూ ఇటూ జరిగే ప్రత్యేక బోల్టులు అమ్ముతారు. మంచి కంపెనీవి పనిచేస్తాయి. అయినా నా సలహా అడిగితే, 98 రిమ్ము కోసం ఇంకో నెల ఆగండి.

అమెరికా బండి ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ బిగించి అమ్మిన డాడ్జ్, ప్లిమత్ లాంటి క్రైస్లర్ కుటుంబం కార్లకు ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర ఉంటుంది. మామూలుగా విప్పే దిక్కుకు తిప్పితే అవి ఇంకా బిగుసుకుంటాయి. రాకపోతే పైపు తగిలించి లాగేముందు "ఎల్" అనే గుర్తు ఉందేమో వెతకండి. కొత్తవి కొనేటప్పుడు ఎడమ పక్కకు ఎన్ని, కుడి పక్కకు ఎన్ని అని విడిగా రాసివ్వండి.

6. షాపులో ఏం చెప్పాలి?

చీటీ మీద ఇలా రాసుకెళ్లండి: మర ఎం12 × 1.5, బాల్ సీటింగ్ ఆర్12, కడ్డీ పొడవు ఇంత, బలం 10.9, తల 17 మిల్లీమీటర్లు. పాత బెంజ్ బోల్టు తలకు 17 పానా, బీటిల్‌కు 19. ఒక పాత బోల్టూ తీసుకెళ్లండి, కానీ అది మీరు అప్పటికే పరీక్షించినదై ఉండాలి.

"అన్నా, ఇవి బాల్ సీటింగా, కోనా?"

"అన్నీ ఒకటే సార్, పట్టేస్తాయి."

ఈ జవాబు వస్తే దండం పెట్టి బయటికి రండి. "ఉండండి, చూసి చెబుతా" అని పెట్టె తిప్పి అంకెలు చదివిన మనిషి దగ్గర కొనండి. ఇరవై కొనేచోట ఇరవై రెండు తీసుకోండి, మిగిలినవి డాష్‌బోర్డు అరలో ఉంటాయి. తాళం బోల్టులు వాడేవాళ్లు దాని తాళంచెవి కూడా బండిలోనే పెట్టాలి. ఇంట్లో బీరువాలో ఉన్న తాళంచెవి హైవే మీద పంక్చర్‌కు పనికిరాదు.

7. బిగించేటప్పుడు

మరలకు గ్రీజు, ఆయిలు పూయాలా? కంపెనీ పుస్తకం పూయమని చెబితే తప్ప వద్దు. ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే టార్క్ అంకెను శుభ్రంగా, పొడిగా ఉన్న మరకే ఇస్తారు. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు అవసరానికి మించి లాగబడుతుంది.

బోల్టుల బండిలో బరువైన చక్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రంధ్రం కలిపి, రెండో చేత్తో బోల్టు పెట్టడం నడుము నొప్పి పని. బెంజ్ టూల్ కిట్‌లో దీనికోసం తల లేని పొడుగు పిన్ను ఒకటి ఉండేది. దాన్ని పై రంధ్రంలో తిప్పి, చక్రాన్ని దానికి తగిలించి, మిగతా నాలుగు పెట్టాక దాన్ని తీసి ఐదోది పెట్టాలి. మీ కిట్‌లో లేకపోతే అదే మర ఉన్న పొడుగు పాత బోల్టుకు తల కోయించండి. ఇది బరువు మోసేది కాదు, దారి చూపేది మాత్రమే, కాబట్టి దీనికి లేత్ షాపు చక్కగా సరిపోతుంది.

అన్నీ చేత్తో ఎక్కించాక, పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగిస్తూ రండి. చివరి బిగింపు చక్రం నేలమీద ఆనాకే. గన్ను పెట్టనివ్వకండి. షాపు కుర్రాడితో "తమ్ముడూ, చేత్తో ఆనించి వదిలెయ్, మిగతాది నేను చూసుకుంటా" అని ముందే చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

టార్క్ రెంచ్ కొనండి. డబ్ల్యూ124కి 110 న్యూటన్ మీటర్లు. మీ బండి అంకె మీ బండి పుస్తకంలో ఉంటుంది. అది ఏ కొలమానంలో ఉందో మాత్రం జాగ్రత్తగా చూడండి. బ్రిటిష్, అమెరికన్ పుస్తకాల్లో పౌండు అడుగుల లెక్క ఉంటుంది, అందులో 80 అంటే సుమారు 108 న్యూటన్ మీటర్లు. కొన్ని పాత పుస్తకాల్లో కిలోగ్రామ్ మీటర్లు ఉంటాయి, ఒకటికి దాదాపు 10 న్యూటన్ మీటర్లు.

రెంచ్ లేకుండా దారిలో ఇరుక్కున్నారా? 100 న్యూటన్ మీటర్లంటే అరమీటరు పొడవున్న పిడి చివర దాదాపు 20 కిలోల బరువు వేలాడదీసినట్టు. అదే పిడి మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 340 దాటుతుంది, మూడింతలకు పైగా. పానా మీద ఎక్కి తొక్కే అలవాటు బోల్టును ఎలా సాగదీస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

చివరగా, బోల్టులు కొత్తవైనా, రిమ్ము కొత్తదైనా, లేదా ఊరికే టైరు మార్చినా, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లబడ్డాక, అదే టార్క్‌తో మరోసారి చూడండి. కొద్దిగా కదిలితే కంగారు పడొద్దు, కొత్త సీటింగ్ సర్దుకుంటోంది. ఇంకో 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. రెండోసారి కూడా కదిలితే బండి ఆపేసి, చక్రం విప్పి, సీటింగ్ మీద మార్కర్ పరీక్ష మళ్లీ మొదలుపెట్టండి.